బిస్పోక్‌కు తెలుగు మాట

అందరికీ నమస్కారం. ఇందాక లోపలికి వస్తుంటే ఒకమ్మాయి అడిగింది: "సార్, ఆసుపత్రి వాళ్ల బిస్పోక్ సాఫ్ట్‌వేర్ అన్న చోట తెలుగులో ఏం రాయాల?" చాలామంది 'ప్రత్యేకంగా రూపొందించిన' అని రాస్తున్నారు. తప్పు కాదు. కానీ అందులో మనిషి కనపడడు. ఎవరు అడిగితే, ఎవరి కోసం చేశారు?

ఇంగ్లీషులో 'బిస్పీక్' అనే పాత క్రియ ఉంది. ఫలానాది నాకు కావాలని ముందే మాట చెప్పి పెట్టుకోవడం. దాన్నుంచి పుట్టిందే బిస్పోక్. లండన్‌లో సావిల్ రో అనే వీధి దర్జీలు ఒక మనిషి ఒంటికే కొత్తగా నమూనా గీసి కుట్టిన సూటుకు ఆ మాట వాడతారు. ఉన్న నమూనానే కొలతలకు సర్ది కుడితే అది 'మేడ్ టు మెజర్'. అమెరికాలో ఎక్కువగా 'కస్టమ్' అంటారు.

ఒకరు అడిగి చేయించుకున్నారని చెప్పే ఈ పని మనకు ఒక ప్రత్యయం చేసిపెడుతుంది: 'ఇంచు'. కుట్టించిన రవిక, నేయించిన చీర, చేయించిన నగ. మన కడప యాసలో 'చేపిచ్చిన'. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో కొన్న గొలుసు వేరు, ఆచారి దగ్గర కూర్చుని చేపిచ్చిన గొలుసు వేరు అని మన ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా? 1820లో మన కడపకు ఉద్యోగానికొచ్చిన బ్రౌన్ దొర తర్వాత పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. రాయించాడు అనగానే అడిగినవాడూ రాసినవాడూ ఇద్దరూ కళ్ల ముందుకొస్తారు.

మా తాతకు ఎడమ కాలు కొంచెం పొట్టి. చెప్పులు కుట్టే పెద్దాయన తాతను పాత పేపరు మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాడు. వారం తర్వాత పోతే ఎడమ మడమ కింద ఒక్కో తోలుముక్క పెడుతూ "ఇప్పుడెట్లుంది?" అని అడిగాడు. మూడో ముక్కకు తాత నడుము నిటారుగా నిలిచింది. ఆ జత ఇంకెవరూ తొడుక్కోలేరు. బిస్పోక్ అంటే నాకు ఇప్పటికీ ఆ చెప్పులే.

అందుకే, అందరికీ చేసిన కప్పు మీద మన పేరు అచ్చేసిచ్చి బిస్పోక్ అంటే నేనొప్పుకోను.

అమ్మా, ఇక నీ వాక్యం. 'ఇంచు' పక్కన 'కొను' చేర్చు, ఎవరి కోసమో కూడా తెలిసిపోతుంది: "ఆసుపత్రి తన అవసరానికి తగ్గట్టు తయారు చేయించుకున్న సాఫ్ట్‌వేర్."