నవంబర్ 1న బెంగళూరులో జెండా, మరి నెల్లూరులో?

(తెరపై: రాత్రి నెల్లూరు ఆర్టీసీ బస్టాండ్, బెంగళూరు బోర్డుతో బస్సు)

నెల్లూరులో రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరులో దిగేవాళ్లకి ఈ జెండా బాగా తెలుసు. పైన పసుపు, కింద ఎరుపు. ఆటోల మీద, టీకొట్ల ముందు, సర్కిల్ మధ్య స్తంభానికి... కర్ణాటక అవతరణ దినం నవంబర్ 1 వస్తే ఇక ఊరంతా అదే. మొదటిసారి చూసినప్పుడు నేను ఏదో పార్టీ జెండా అనుకున్నాను. మరీ తప్పేం కాదులెండి, అది పుట్టింది పార్టీ జెండాగానే!

(తెరపై: గాలికి ఎగురుతున్న పసుపు-ఎరుపు జెండా)

1960ల్లో మా. రామమూర్తి అనే కన్నడ ఉద్యమకారుడు 'కన్నడ పక్ష' పార్టీ కోసం దీన్ని తయారు చేశారు. పార్టీ పోయింది, జెండా మిగిలింది. రంగులేమో పసుపు, కుంకుమ. వాటి అర్థం తెలుగువాళ్లకి విడమరిచి చెప్పాలా?

దీనికి ఇప్పటికీ చట్టపరమైన గుర్తింపు లేదు. 2018 మార్చిలో సిద్ధరామయ్య ప్రభుత్వం మధ్యలో తెలుపు చేర్చి, దాని మీద గండభేరుండం అనే రెండు తలల పక్షిని పెట్టి కొత్త జెండా చూపించింది. కేంద్రం ఆమోదం మాత్రం రాలేదు. జనం పాతదే ఎగరేస్తున్నారు.

(తెరపై: రెండు తలల పక్షి ఉన్న పాత నాణెం)

గండభేరుండం మైసూరు ఒడయార్ల గుర్తు. అంతకుముందే విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద ఉంది. మన ఉదయగిరి కోట అప్పుడు ఆ రాజ్యంలోదే. అంటే ఈ పక్షి మనవాళ్ల మొలసంచుల్లో కూడా తిరిగే ఉంటుంది!

రాష్ట్రానికి జెండా ఉండొచ్చా? రాజ్యాంగంలో ఉండాలనీ లేదు, వద్దనీ లేదు. జమ్మూకాశ్మీర్‌కి 1952 నుంచి 2019 దాకా సొంత జెండా ఉండేది. ఎర్రగుడ్డ మీద నాగలి, మూడు ప్రాంతాలకి మూడు తెల్ల చారలు.

(తెరపై: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం)

మనకి జెండా లేదు, చిహ్నం ఉంది. 2018 నవంబర్‌లో ఖరారైన ఈ చిహ్నం అమరావతి శిల్పాల నుంచి తీసుకున్నది. నడుమ ఉన్నది పూర్ణఘటం. గుళ్లో పెద్దలకి పూర్ణకుంభంతో స్వాగతం పలుకుతారే, అదే నిండుకుండ.

జెండా ఎందుకు రాలేదంటే, నా లెక్క ఇది. కన్నడ జెండా వాళ్ల రాష్ట్రం వచ్చిన చాన్నాళ్లకి, సొంత రాజధానిలోనే మా భాష వెనకబడుతోందన్న టెన్షన్‌లోంచి పుట్టింది. మన పోరాటం రాష్ట్రం కోసం, రాష్ట్రం రాగానే ఆగింది.

(తెరపై: నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి)

హరిజనుల ప్రవేశం కోసం 1946లో ఈ గుడి విషయంలో దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు, 1952లో మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి కన్నుమూశారు. మరుసటి ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నవంబర్ 1 మాత్రం 1956లో తెలంగాణ కలిసిన రోజు. విభజన తర్వాత కొన్నేళ్లు ఆ వేడుకలు ఆగి, 2019లో మళ్లీ మొదలయ్యాయి. అందుకే రేపు మనకీ ఒక జెండా వచ్చినా, ఏ రోజు ఎగరేయాలో ముందు తేల్చుకోవాలి. మా జిల్లావాళ్లని అడిగితే అక్టోబర్ 1 అంటారు. మీరేమంటారు?