సర్టిఫికెట్ వచ్చింది, మరి పని మారిందా?

[దృశ్యం: ఫీడ్‌బ్యాక్ ఫారం క్లోజప్‌లో. పెన్ను చకచకా టిక్కులు పెట్టుకుంటూ పోతోంది.]

కాలేజీ అధ్యాపకుల శిక్షణ, అంటే రిఫ్రెషర్ కోర్సు, చివరి రోజు. బస్సుకి టైమవుతోంది. అన్ని గళ్లలో 'చాలా బాగుంది' అని టిక్కు కొట్టి, గ్రూప్ ఫొటో దిగి, సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని బయల్దేరతారు. సోమవారం క్లాసులో ఏం మారుతుంది? చూద్దాం.

[దృశ్యం: పాత బోర్డు మీద పేరు చెరిగి కొత్త పేరు పడుతుంది.]

1986 జాతీయ విద్యా విధానం తర్వాత అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు. ఉస్మానియాలో ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. తర్వాత అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలు. బోర్డులు బాగానే మారాయి లెండి.

అసలు చిక్కు ప్రమోషన్‌తో వచ్చింది. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతం లెవెల్ 10 నుంచి 11కి వెళ్లాలంటే మిగతా అర్హతలతో పాటు 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు ఉండాలి. ఆ నిబంధన లేకపోతే చాలామంది వెళ్లరు, నిజమే. కానీ ఉండటం వల్ల, సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇక పనైపోయిందనుకుంటారు.

[దృశ్యం: నాలుగు మెట్లు. మొదటి మెట్టు మీద ఫీడ్‌బ్యాక్ ఫారం.]

శిక్షణ పనిచేసిందో లేదో చూడటానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే నాలుగు ప్రశ్నలు పెట్టాడు. నచ్చిందా? నేర్చుకున్నారా? పనిలో వాడుతున్నారా? దానివల్ల ఫలితం మారిందా? మన ఫారం మొదటి మెట్టు దగ్గరే కూర్చుంది.

మూడో మెట్టు దగ్గరే బండి ఆగుతుంది. కోర్సులో ఒక మేడమ్ మంచి పద్ధతి నేర్చుకున్నారనుకోండి: ప్రశ్న ఇచ్చి, పిల్లల్ని ఇద్దరిద్దరిగా వాదించుకోమనడం. తిరిగొచ్చి చూస్తే క్లాసులో 80 మంది, బెంచీలు నేలకి బోల్టులతో బిగించి ఉన్నాయి. ఇంటర్నల్ పేపర్లో మళ్లీ అవే వ్యాసరూప ప్రశ్నలు. రెండు వారాలకి ఆవిడ నోట్స్ చెప్పడం మొదలుపెడతారు. ఇందులో ఆవిడ తప్పేముంది?

[దృశ్యం: ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీ. బయట క్యూ.]

బోధనేతర సిబ్బంది సంగతి ఇంకా అన్యాయం. పిల్లవాడి మార్కుల మెమో ఎప్పుడొస్తుందనేది వీళ్ల చేతుల్లోనే ఉంటుంది. చాలాచోట్ల వీళ్లకి ట్రైనింగ్ అంటే పక్క సీటాయన చూపించిందే!

నేను చూసిన ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ ఒకాయన రెండు హాల్‌టికెట్ జాబితాలు ప్రింట్ తీసి, స్కేలు పెట్టి వరస వరసా సరిచూసేవాడు. సాయంత్రానికి కళ్లు మంటలు. ఒకరోజు కంప్యూటర్ సైన్స్ కుర్రాడొకడు పక్కన కూర్చుని ఎక్సెల్‌లో వీలుకప్ (VLOOKUP) నేర్పాడు, ఒక జాబితాలోది ఇంకో జాబితాలో తానే వెతికిపెట్టే ఫార్ములా. "ఓసి దీని దుంపతెగ, ఇంతేనా!" అన్నాడాయన. ఆ రోజు టీ వచ్చేలోపే జాబితా అయిపోయింది. శిక్షణకి ఖర్చు సున్నా, కానీ ఆయన పనికి సరిగ్గా సరిపోయింది, మర్నాడే వాడే అవకాశమూ ఉంది.

[దృశ్యం: ఖాళీ కుర్చీ. టేబుల్ మీద స్కేలు.]

మూడు నెలలకి ఆయన్ని హాస్టల్ సెక్షన్‌కి మార్చారు. వెళ్లేముందు ఆ పద్ధతి ఒక కాగితం మీద రాసి పెట్టమని ఎవరూ అడగలేదు. కొత్తగా వచ్చినావిడ డ్రాయర్ తెరిచి స్కేలు తీసుకుంది.