వీట్ బీరులో అరటిపండు వాసన ఎక్కడిది?

ఈ బీర్లు రుచి చూడ్డానికి వచ్చిన అందరికీ నమస్కారమండి. బెంగళూరు ఇందిరానగర్‌లోనో కోరమంగళలోనో, బీరు అక్కడే తయారుచేసి అమ్మే బ్రూపబ్‌లో మొదటిసారి వీట్ బీరు, అంటే గోధుమ బీరు, తాగినవాళ్ళు చాలామంది నన్ను అడిగేది ఒకటే, ఇందులో అరటిపండు ఎసెన్స్ ఏమైనా కలిపారా అని. జర్మన్ పద్ధతిలో చేసిన వీట్ బీరు, హెఫెవైజెన్ అంటారు, అదైతే ఏమీ కలపరండి, అదంతా ఈస్ట్ చేసే పనే. సగానికి పైగా గోధుమ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమలు, వేస్తారు, దాంట్లో ఆ ప్రత్యేకమైన ఈస్ట్ పులుస్తూ ఐసోఅమైల్ ఎసిటేట్ అనే వాసన పదార్థం తయారుచేస్తుంది, నిజం అరటిపండులో ఉండేది కూడా అదే, ఇంకోపక్క మాల్ట్‌లోని ఫెరులిక్ యాసిడ్ అనే ఆమ్లాన్ని విరిచి లవంగం వాసన ఇస్తుంది. కాస్త వెచ్చగా పులియబెడితే సాధారణంగా అరటిపండు ఎక్కువ తెలుస్తుంది. ఇంత చేసే ఈస్ట్ పేరు 1516 నాటి బవేరియా బీరు చట్టంలో లేనే లేదు, బార్లీ, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు), నీళ్ళు అని మాత్రమే రాశారు! అదొక సూక్ష్మజీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు మరి.

బెల్జియం విట్‌బీర్ కూడా గోధుమదే, కానీ అక్కడ గోధుమలు మాల్ట్ చెయ్యకుండానే వేస్తారు, పైగా ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. హూగార్డెన్ ఊళ్ళో ఈ రకం 1950లలో ఆగిపోతే పియర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్ళీ మొదలుపెట్టాడు, ఆయన పూనుకోబట్టే మనకి దక్కిందని నేను గట్టిగా నమ్ముతాను.

పిల్స్‌నర్ అనే బీరు ఈ గోధుమ బీర్లకి పూర్తిగా ఉల్టా. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్లజెన్ ఊళ్ళో యోజెఫ్ గ్రోల్ చేసిన బీరు అది, చల్లగా పులిసే ఈస్ట్ కాబట్టి పండ్ల వాసనలు దాదాపు రావు, మాల్ట్ తీపి, సాజ్ రకం హాప్స్ చేదు శుభ్రంగా తెలుస్తాయి, అక్కడి నీళ్ళలో ఖనిజాలు తక్కువ కాబట్టి ఆ చేదు కూడా నాలుకని గీరదు.

స్టౌట్ అనే బీరు నల్లగా ఉంది కదా అని స్ట్రాంగ్ అనుకోకండి. ఆ రంగు, కాఫీ లాంటి చేదు మాడ్చిన బార్లీవి, అంతే. గిన్నిస్ డ్రాట్ అనే పేరున్న స్టౌట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, మన దగ్గర షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మే పసుపు బీర్లలో చాలావాటికి అంతకన్నా బాగా ఎక్కువే ఉంటుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, వీట్ బీరుని గడ్డకట్టేంత చల్లగా తాగకండి, వాసన మొత్తం పోతుంది, ఏడెనిమిది డిగ్రీలు చాలు. ఇప్పుడు గ్లాసులు వస్తున్నాయి, పిల్స్‌నర్‌తో మొదలుపెట్టండి, స్టౌట్ చివర్లో, బండి నడపాల్సినవాళ్ళు మాత్రం వాసన చూసి పక్కనపెట్టేయండి.