పాకాల చెరువులో తూనీగలు: ఎర్రవన్నీ ఒకటి కావు | రివ్యూ

నమస్తే అండి. ఇవాళ పాకాల చెరువు రివ్యూ. బోటింగ్ గురించి, ఫోటో పాయింట్ల గురించి వీడియోలు చాలానే ఉన్నాయి, వాటి జోలికి పోను. తూనీగలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఈ చోటు ఎలా ఉంటుందో చెప్తా. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఎందుకంటే తూనీగల్లో ఒక్కోదానికి ఒక్కో తావు ఇష్టం. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టించిన ఈ చెరువు దగ్గర అన్నీ ఉన్నాయి. కట్ట రాళ్ల మీద గ్రానైట్ ఘోస్ట్ కూర్చుంటే రాయిలో కలిసిపోతుంది. తుంగ మొలిచిన ఒడ్డున సీతాకోకచిలుకలా కనిపించేది పిక్చర్‌వింగ్. కింద వరి పొలాల్లో రెక్కల మీద నలుపు, తెలుపు ఉన్నది పైడ్ పాడీ స్కిమ్మర్.

ఎర్రవాటి దగ్గరే అందరికీ టెన్షన్. స్క్రీన్ మీద మూడు ఫోటోలు చూడండి. మొదటిది డిచ్ జువెల్. చిన్నది, రెక్కల్లో సగం దాటి నారింజ రంగు పాకి ఉంటుంది. మురికి నీళ్లనూ తట్టుకుంటుంది, అందుకే ఊళ్లలోని కుంటల దగ్గరా బాగా కనిపిస్తుంది. రెండోది స్కార్లెట్ స్కిమ్మర్. పండు మిరపకాయ ఎరుపు, తోక పైన నిలువునా సన్నని నల్ల గీత. మూడోది క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్. దీని ఎరుపులో గులాబీ, ఊదా కలిసి ఉంటాయి, రెక్కల ఈనెలు కూడా ఎర్రగా ఉంటాయి. కాబట్టి ఒంటి రంగు కంటే ముందు రెక్కలు చూడండి.

ఇవన్నీ మగవి. ఆడవి, లేత మగవి పసుపు, గోధుమ రంగుల్లో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అక్కడ ఫోటో చూసి పేరు చెప్పే యాప్ ఇచ్చిన మొదటి పేరుతో ఆగిపోకండి. పక్క నుంచి ఒక ఫోటో, పై నుంచి ఒక ఫోటో తీసి తెలిసినవాళ్లకు చూపించండి.

వానలతో పాటు గుంపులుగా వచ్చే పసుపుది వాండరింగ్ గ్లైడర్. కూర్చోవడమే తక్కువ, ఎగిరే తీరుతోనే పోల్చుకోవాలి. ఇంత చిన్న ప్రాణి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుంది! ఆ జాతి మన పాకాల కట్ట మీద తిరుగుతుంటే చూడటం నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా దాదాపు 50 కిలోమీటర్లు. వానలు తగ్గుముఖం పట్టాక, పొద్దున ఎండ తగిలే వేళకు రండి. నీళ్లలో మొసళ్లుంటాయి, దగ్గరి ఫోటో కోసం ఒడ్డు దిగొద్దు. కట్ట మీద నుంచే జూమ్ చేసుకోండి.