యాన్సిబుల్‌లో కంప్రెషన్: స్లో లింకుల మీద పనికొస్తుందా?

నమస్తే అండి. ఒకేచోటి నుంచి చాలా సర్వర్లలో పనులు ఆటోమేటిక్‌గా చేయించే టూల్ యాన్సిబుల్‌కీ, అది నడిపే సర్వర్లకీ మధ్య వెళ్లే ట్రాఫిక్‌ని కంప్రెస్ చేస్తే, అంటే కుదించి పంపితే, నిజంగా లాభముందా? ఈరోజు రివ్యూ దాని మీదే. సర్వర్లన్నీ ఒకే డేటా సెంటర్‌లో ఉంటే ఈ వీడియో వదిలేయొచ్చు. దూరాన బ్రాంచుల్లో, స్లో లింకుల వెనకాల మెషిన్లు ఉన్నవాళ్లకే ఇది.

"కంప్రెషన్ ఎలా ఆన్ చేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. అది ముందే ఆన్‌లో ఉంటుందండీ! సర్వర్‌కి సురక్షితంగా కనెక్టవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌ని పిలిచేటప్పుడు యాన్సిబుల్ డీఫాల్ట్‌గా మూడు ఆప్షన్లు ఇస్తుంది. కంప్రెషన్‌కి హైఫన్ క్యాపిటల్ సీ, ఒకే కనెక్షన్‌ని మళ్లీ మళ్లీ వాడుకోవడానికి కంట్రోల్‌మాస్టర్, దాన్ని 60 సెకన్లు తెరిచి ఉంచడానికి కంట్రోల్‌పర్సిస్ట్. తిరకాసు ఎక్కడంటే, కాన్ఫిగ్ ఫైల్లో మీరు ఎస్‌ఎస్‌హెచ్ ఆర్గ్స్ అని సొంతంగా ఒక లైను రాశారో, ఈ మూడూ ఎగిరిపోతాయి. మీ లైను వాటికి తోడవదు, వాటి స్థానంలోకి వస్తుంది. ఎక్కడో దొరికిన లైను పేస్ట్ చేసి, ప్లేబుక్, అంటే యాన్సిబుల్‌కి ఇచ్చే పనుల జాబితా, ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలీక తల పట్టుకునేది అందుకే. అదనంగా ఏమైనా కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ కామన్ ఆర్గ్స్‌లో పెట్టండి. హైఫన్ తర్వాత మూడు వీలు (-vvv) పెట్టి రన్ చేస్తే అసలు ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ మొత్తం కనిపిస్తుంది, అందులో ఆ సీ ఉందో లేదో చూసుకోండి. అవతలి సర్వర్‌లో కంప్రెషన్ ఆపేసి ఉంటే మాత్రం ఇక్కడ ఎంత అడిగినా రాదు.

సరే, లాభమెంత? సర్వర్‌లో పని చేసే చిన్న ప్రోగ్రామ్‌ని, అంటే మాడ్యూల్‌ని, యాన్సిబుల్ ముందే జిప్ చేసి, బేస్64 అనే టెక్స్ట్ రూపంలోకి మార్చి పంపుతుంది. పిండేసిన చెరకులో ఇంకేం రసం వస్తుంది? బేస్64లో 3 బైట్లు 4 అవుతాయి కదా, ఆ ఉబ్బు మాత్రం తగ్గుతుంది. ముందే కుదించిన టార్ డాట్ జీజెడ్ ఫైళ్లు కాపీ చేసినా అంతే. తిరిగొచ్చే దారిలోనే కాస్త ఫలితం కనిపిస్తుంది. సర్వర్ల గురించి సేకరించిన వివరాలు, అంటే ఫ్యాక్ట్స్, అన్నీ జేసన్ టెక్స్ట్‌గా వస్తాయి, అవి బాగా కుదించుకుపోతాయి. ఆ ఫ్యాక్ట్స్ మీ ప్లేబుక్‌కి అక్కర్లేదా? గ్యాదర్ ఫ్యాక్ట్స్ ఆపేయండి, అసలు పంపాల్సిన పనే ఉండదు.

ఎస్‌ఎస్‌హెచ్ ట్రాఫిక్‌ని మోసే వీపీఎన్‌లో కూడా కంప్రెషన్ పెడతామంటారు కొందరు. వద్దండీ. ఎస్‌ఎస్‌హెచ్ ఎన్‌క్రిప్ట్ చేశాక ఆ డేటా ఇక కుదించుకోదు, సీపీయూ దండగ.

స్లో లింకుల మీద నిజంగా టైమ్ తినేది సైజు కంటే ఎక్కువగా రానూపోనూ ప్రయాణాలు. మామూలుగా ఒక్కో టాస్క్‌కి టెంప్ ఫోల్డర్ చేయడం, ఫైల్ పంపడం, రన్ చేయడం, తుడిచేయడం ఉంటాయి. పైప్‌లైనింగ్ ఆన్ చేస్తే చాలా మాడ్యూల్స్ ఫైల్‌గా దిగకుండా నేరుగా అవతలి పైథాన్‌కి అందుతాయి. డీఫాల్ట్‌గా ఇది ఆఫ్‌లో ఉంటుంది. నా లెక్కలో కంప్రెషన్‌కి పాస్ మార్కులు, పైప్‌లైనింగ్‌కి ఫస్ట్ క్లాస్. అడ్మిన్ హక్కులతో రన్ చేయడానికి సుడో వాడేవాళ్లు మాత్రం ముందు ఆ సర్వర్ల సుడోయర్స్ ఫైల్లో, టెర్మినల్ ఉండాల్సిందే అనే రిక్వైర్ టీటీవై ఉంటే తీసేయండి, లేకపోతే టాస్కులు ఫెయిలవుతాయి.