తాడుతో పూసిన పువ్వులు

తమ్ముడు: అందరికీ నమస్తే, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు మనతో ఉన్న అక్క ధర్మవరంలో పట్టుకు రంగులద్దే ఇంట్లో పుట్టి పెరిగింది. పోయిన వారం నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది, నేను అదేదో అడవి పువ్వనుకున్నా, రేకులు మందంగా మడతలు పడి, మధ్యలో గుహ మాదిరి... తీరా జూమ్ చేస్తే తాడు!

అక్క: తాడే అబ్బీ. అది మృణాళినీ ముఖర్జీ అని ఒక శిల్పి చేసిన బొమ్మ. ఆమె 1949లో బొంబాయిలో పుట్టింది, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుంది. నార తాళ్లకు రంగులద్ది, చేత్తో ముడి మీద ముడి వేసుకుంటా పోయి మనిషంత ఎత్తు బొమ్మలు చేసింది. మగ్గం లేదు, ముందు స్కెచ్ గూడా గీసుకునేది కాదు. యక్షి, వనరాజ, ఆదిపుష్ప్ అని పేర్లు పెట్టింది. ఇది మొక్కా, దేవతా, మనిషి ఒళ్లా అని చెప్పలేం.

తమ్ముడు: రంగు గురించి చెప్పక్కా, నీ ఏరియా అదే కదా.

అక్క: పట్టుకు రంగేస్తే మెరుస్తాది, వెలుగంతా బయటికి కొడతాది. నార అట్ల కాదు, గరుగ్గా ఉంటాది, వెలుగును మింగేస్తాది. అందుకే ఆమె ఊదా, కుంకుమెరుపు చూస్తే ఎండిపోతాన్న పువ్వు రంగులు గుర్తొస్తాయి. ఇంకోటి, తాడంతా ఒకే రంగైనా మడత లోపల నీడ పడి నల్లగా కనపడతాది, అంచు దగ్గర తేలతాది, అంటే షేడ్ ఇచ్చేది అద్దకం ఒక్కటే కాదు, ముడి గూడా. నాకు దీన్ని పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది.

తమ్ముడు: నాకైతే మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను గుర్తొచ్చింది, 1989లో గిన్నిస్‌లోకెక్కింది కదా, ఆ ఊడలు దిగేది...

అక్క: అదే! ఊడ నేలను పట్టుకుంటే మాను అయిపోతాది, అది ఎవరూ ప్లాన్ వేసింది కాదు. ఈమె పనీ అట్లే పెరుగుతాది. తాడు పని అనేసరికి ఇది కళ కాదు, ఉత్త క్రాఫ్ట్‌లే అని పక్కన పెట్టినోళ్లు ఉన్నారు, అది నాకు మంటగా ఉంటాది. 2015 జనవరిలో ఢిల్లీ నేషనల్ గ్యాలరీలో ఆమె జీవితకాలం పనంతా పెట్టి పెద్ద ఎగ్జిబిషన్ తెరిచినారు, అది తెరిచిన కొన్నాళ్లకే ఆమె చనిపోయింది. న్యూయార్క్ మెట్ మ్యూజియం వాళ్లు 2019లో పెట్టినారు.

తమ్ముడు: మీ నాయనకు చూపించినావా?

అక్క: చూపించినా. కళ్లజోడు పెట్టుకొని శానాసేపు చూసినాడు. ఇంత తాడు ఒకే షేడ్ రావాలంటే ఎంత పెద్ద గంగాళం పెట్టిందో, ఎన్నిసార్లు ముంచిందో అన్నాడు. మళ్లీ ఫోన్ నా చేతికియ్యలేదు.