కొండవాగు ఒడ్డున ఇల్లు: ముందు నేలను చూడండి

అందరికీ నమస్కారం.

2013 జూన్ వరదల్లో ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ దగ్గర భాగీరథి ఒడ్డున కాంక్రీటు భవనాలు నదిలోకి కుప్పకూలడం టీవీల్లో మీలో చాలామంది చూసే ఉంటారు. అంత గట్టి బిల్డింగ్ ఎలా పడిపోయిందని అందరూ ఆశ్చర్యపోయారు. స్తంభాలూ స్లాబులూ ఎంత గట్టివైనా, కింద నేల కోసుకుపోతే ఏ భవనమూ నిలవదు.

కొండల్లో నది వాలు మీద పరుగెడుతుంది. నీటి వేగం రెట్టింపైతే తాకిడి నాలుగు రెట్లవుతుంది. ఆ నీరు దొర్లించుకుపోగల బండ బరువు, లెక్క ప్రకారం, 64 రెట్ల దాకా ఉంటుంది. నది మలుపు తిరిగేచోట ఈ దెబ్బంతా బయటి ఒడ్డుకే.

పునాది గొయ్యి తవ్వేటప్పుడు కాస్త వంగి చూడండి. ఇసుకలో గుండ్రటి, నున్నటి రాళ్లు బయటపడుతున్నాయా? నది దొర్లించి అరగదీసిన రాళ్లవి. అంటే మీరు నిలబడ్డచోట ఒకప్పుడు నది పారింది. చిన్నా పెద్దా రాళ్లు మట్టితో కలగాపులగంగా ఉంటే, అది పక్క వాగు కొండ మీద నుంచి తెచ్చి పోసిన మేట. ఆ ఉత్తరకాశీ జిల్లాలోనే ఉన్న ధరాలీ ఊరు అలాంటి మేట మీదే ఉంది. 2025 ఆగస్టు 5న ఖీర్ గంగ వాగు అక్కడి హోటళ్లనూ ఇళ్లనూ చూస్తుండగానే బురదలో పూడ్చేసింది. కొండల్లో చదును నేల దొరకడమే కష్టం, కాబట్టి అక్కడ కట్టుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను. అనుమతి ఇచ్చే ఇంజినీరు ఆ గొయ్యిలోకి తొంగిచూడకపోతే మాత్రం ముమ్మాటికీ తప్పే.

రక్షణ గోడ ఉంది కదా అంటారు. దాని ఎత్తు అందరికీ కనిపిస్తుంది; పునాది ఎంత లోతుకు దిగిందో అడగండి. వరదలో నది అడుగు కూడా కోసుకుపోతుంది. ఆ కోత కన్నా కిందికి దిగని గోడ ముందు పడుతుంది, దాని వెనకే ఇల్లు.

ఇప్పుడు చెప్పేది ప్రాణాలకు సంబంధించింది. వరద తగ్గగానే చాలామంది సామాన్ల కోసం ఇంట్లోకి వెళ్తారు. నానిపోయిన ఒడ్డుకు అప్పటిదాకా నదిలోని నీరే ఎదురు ఆసరా. నది దిగగానే ఆ ఆసరా పోతుంది, మట్టిలో ఇంకిన నీరు మాత్రం అలాగే ఉంటుంది. ఒడ్డు చాలాసార్లు అప్పుడే విరిగిపడుతుంది. ఒడ్డు పొడవునా నేలలో పగులు కనిపిస్తే, లోపల బీరువా ఉన్నా సరే, వెళ్లకండి.

మరమ్మతు మొదలుపెట్టే ముందు నది అడుగును మళ్లీ కొలిపించాలి. వరద తెచ్చిన రాళ్లూ ఇసుకా పేరుకుని చాలాచోట్ల అది పైకి లేస్తుంది. గోడ మీది పాత వరద గుర్తును అప్పుడు నమ్మడానికి లేదు. వచ్చేసారి అంతకన్నా తక్కువ నీరే ఆ గుర్తును దాటొచ్చు.